పొడుగు తాళంచెవి

ఆ సోమవారం ప్యో సునోక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడుంబావు పడవకి భర్తను ఎక్కించాలి. ఎనిమిదింటికి మత్స్యకారుల సంఘం ఆఫీసు తెరవాలి. తొమ్మిదిలోగా ఒక దరఖాస్తు ఆన్‌లైన్‌లో పంపేసి, ఎండ ముదిరేలోగా ఒడ్డున ఆరేసిన సముద్రపు నాచును రెండోవైపు తిప్పాలి. ఆమె అయిదేళ్ళుగా మోకాళ్ళ నొప్పుల్నీ, పదకొండేళ్ళుగా సెక్రటరీ హోదాలో ఆ ఆఫీసునీ మోస్తున్న మనిషి. సాధ్యం కాని పథకాలు వేసుకునే అలవాటు ఎప్పుడో పోయింది.

ఆమె భర్త యొమ్ బొంగ్‌సుకి మూత్రపిండాలు పాడై మూడేళ్ళయింది. సోమ, బుధ, శుక్రవారాల్లో గావొరి దీవి నుంచి అవతలి రేవు పట్నానికి వెళ్ళి, ఆసుపత్రిలో నాలుగు గంటలు యంత్రానికి అతుక్కుని, మధ్యాహ్నం రెండుంబావు పడవకి తిరిగొస్తాడు. ఆ మధ్యాహ్నం పడవనే జిల్లా కార్యాలయం ఎత్తేస్తానంటోంది. ఎక్కేవాళ్ళు తక్కువట. పడవ కావాలనుకునే దీవులు సోమవారం సాయంత్రం అయిదులోగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలని ఉత్తరం పంపింది. పడవ పోతే బొంగ్‌సు వారానికి మూడు రాత్రులు పట్నంలో ఏ సత్రంలోనో పడుకోవాలి. దీవిలో అలాంటివాళ్ళు ఇంకో నలుగురున్నారు. అందరి తరఫునా దరఖాస్తు రాసింది సునోక్. నాలుగు పేజీలు. శుక్రవారమే రాసి పెట్టుకుంది.

ఇక మిగిలింది సంతకం. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సర్టిఫికెట్ ఉండాలి. సంఘానిది ఆదివారంతో గడువు తీరిపోయింది. గడువు తీరబోతోందని నెల రోజులుగా హెచ్చరికలు వచ్చిన ఈమెయిల్‌ను ఎవరూ తెరవరు. అయినా సునోక్ కంగారుపడలేదు. కొత్తదానికి కావలసిన నంబర్లు రెండూ క్రితం వారమే పట్నం వెళ్ళి తెచ్చుకుని రుమాలులో మూటగట్టి పెట్టుకుంది. వెబ్‌సైట్‌లో ఆ నంబర్లు కొడితే కంప్యూటరే లోపల ఒక రహస్యపు తాళంచెవిని తయారు చేసుకుంటుంది, దాంతో సర్టిఫికెట్ వస్తుంది. క్రితంసారి పది నిమిషాలు పట్టింది.

ఎనిమిదీ అయిదుకి ఆమె నంబర్లు కొట్టింది. పేజీ పైన పసుప్పచ్చ పట్టీ వచ్చి, ఫలానా ప్రోగ్రామ్ ఎక్కించమంది. ఎక్కించింది. పేజీ తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ నంబర్లు కొట్టింది. ఈసారి కీబోర్డు కాపలా ప్రోగ్రామ్ ఎక్కించమంది. ఎక్కించింది. పేజీ మళ్ళీ మొదటికొచ్చింది. ఇలా నాలుగు కాపలా ప్రోగ్రాములు ఎక్కాక, దొంగల మాట దేవుడెరుగు, సునోక్ పాస్‌వర్డు కూడా లోపలికి పోవడం మానేసింది. మూడోసారికి పోయింది. తెర మీద ఒక ఖాళీ గొట్టం లాంటి బొమ్మ, దాని కింద ఒక వాక్యం కనిపించాయి. "తాళంచెవి తయారవుతోంది. గొట్టం నిండేదాకా మౌస్‌ను గమ్యం లేకుండా కదిలించండి."

సునోక్ కుడి భుజం పట్టేసి రెండు నెలలైంది. సరిగ్గా అప్పుడే దరఖాస్తు వెళ్ళిందో లేదో కనుక్కుందామని ఊరిపెద్ద తొక్‌చిల్ లోపలికొచ్చాడు. అరవై ఏడేళ్ళ మనిషి, ఒకప్పుడు చేపల వేట పడవకి సరంగు. ఏ పనైనా తానే చేయాలనుకునే రకం. ఆమెను లేపి, కుర్చీలో కూర్చుని, మౌస్ పట్టుకుని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. గొట్టంలో సన్నటి నీలం గీత కనిపించింది, ఆగిపోయింది.

సునోక్ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. జరిగిందంతా ఓపికగా విని, మౌస్ ఎలా తిప్పుతున్నారని అడిగింది. గుండ్రంగా అని చెప్పింది సునోక్. అలా కాదనీ, అడ్డదిడ్డంగా కదపాలనీ, ఆ అడ్డదిడ్డం కదలికల్లోంచే ఎవరూ ఊహించలేని తాళంచెవి పుడుతుందనీ ఆ అమ్మాయి చెప్పింది. సునోక్ ఆ మాట ఊరిపెద్దకి అందించింది.

"నలభై ఏళ్ళు పడవ నడిపాను. గమ్యం లేకుండా ఒక్క బారెడు కూడా కదల్లేదు," అన్నాడు తొక్‌చిల్. "ఇప్పుడు కొత్తగా నేర్చుకోమంటే ఎట్లా?"

అయినా ప్రయత్నించాడు. గుండ్రాలు మాని చతురస్రాలు గీశాడు. తర్వాత ఎనిమిది అంకె గీశాడు. చెమటలు పట్టాయి. తొమ్మిదిన్నరకి గొట్టం నిండింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. బ్రౌజరు దానంతటదే మూసుకుపోయింది.

మళ్ళీ చేశారు. మళ్ళీ మూసుకుపోయింది. ఫోన్లో అమ్మాయి బ్రౌజరు నంబరు ఎంతో చూసి చెప్పమంది. ఆరు అని చెప్పింది సునోక్. అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది. ఆ అమ్మాయి చెప్పిన దాని సారాంశం ఇది. ఈ జనవరి నుంచి రూల్సు మారాయి. దొంగలు తెలివిమీరడంతో తాళంచెవి పొడుగు రెట్టింపు చేశారు. ఆరో నంబరు బ్రౌజరు పొట్టి తాళంచెవే చేయగలదు. పొడుగుది చేయబోయి, చేతకాక కూలబడుతోంది. కనీసం ఏడో నంబరుదో ఎనిమిదో నంబరుదో కావాలి. సునోక్ వెంటనే ఏడోది ఎక్కించబోయింది. ఈ కంప్యూటర్ దానికి సరిపోయేంత కొత్తది కాదని యంత్రం మర్యాదగా చెప్పింది.

ఈలోగా ఆఫీసు ఫోను పదేపదే మోగుతోంది. దరఖాస్తు వెళ్ళిందా అని ఒకరు, నాచు మీదకి మబ్బు పడుతోందని ఇంకొకరు. తలుపు తోసుకుని ఇద్దరు ముగ్గురు వచ్చి సలహాలిచ్చి పోయారు. తొక్‌చిల్ విసిగిపోయి ఫోను రిసీవర్ తీసి పక్కన పెట్టాడు. తలుపు లోపల గడియ వేశాడు. తర్వాత, గ్రామ ప్రజలకు పరిస్థితి వివరించడం తన బాధ్యత అనుకుని, మైకు అందుకున్నాడు. దీవి మొత్తానికి అయిదు లౌడ్‌స్పీకర్లున్నాయి. అందులో మూడు పనిచేస్తాయి.

"గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. సెక్రటరీ, నేను ఆఫీసు లోపలే ఉన్నాం. తాళంచెవి కోసం పొద్దుట్నుంచి అవస్థ పడుతున్నాం. పొట్టిది వస్తోంది గానీ మనకి పొడుగుది కావాలి. అయిదు గంటల్లోగా రాకపోతే పడవ పోతుంది. ఎవరూ ఫోన్ చెయ్యొద్దు. తలుపు దగ్గరికి రావొద్దు."

ఆ సమయంలో పాంగ్ అవ్వ రాళ్ళ మీద నాచు కోస్తోంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. యాభై ఏళ్ళు సముద్రంలో మునిగి నత్తలు ఏరిన మనిషి కావడంతో ఒక చెవి పూర్తిగానూ, రెండోది సగమూ పోయాయి. మిగిలిన సగం చెవికి గాలి అడ్డొచ్చింది. ఆమెకి వినబడింది ఇంతే. సెక్రటరీ, పెద్దాయన లోపలున్నారు. తాళంచెవి లేదు. అవస్థ పడుతున్నారు. అయిదు గంటల్లోగా ఏదో పోతుంది. ఏం పోతుందో గాలి మింగేసింది గానీ, అవస్థ పడుతున్నవాళ్ళకి ఏం పోతుందో ఊహించడం ఆమెకి కష్టం కాలేదు.

అవ్వ కొడవలి అక్కడే పడేసి, నడుముకున్న సంచిలోంచి ఫోన్ తీసి బొంగ్‌సుకి కొట్టింది. బొంగ్‌సు అప్పుడు రెండు గొట్టాల మధ్య పడుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఒరే బొంగ్‌సూ, నీ పెళ్ళాం ఆఫీసులో ఇరుక్కుపోయిందిరా. తాళంచెవి లేదట. సాయంత్రందాకా ఉండదంటున్నారు."

"ఏది ఉండదవ్వా, తాళంచెవా?"

"ఏమోరా, ఎవరిదో ప్రాణం."

బొంగ్‌సు భార్య సెల్‌కి ఫోన్ చేశాడు. ఆమె సహాయ కేంద్రంతో లైన్లోనే ఉంది కాబట్టి అది బిజీ. ఆఫీసు ఫోను బిజీ. ఊరిపెద్ద సెల్‌లో చార్జింగ్ అయిపోయింది. పెళ్ళై ముప్పై అయిదేళ్ళలో సునోక్ ఫోను గంటసేపు ఆగకుండా బిజీగా ఉండటం అతను ఎరగడు. ఆమె ఎవరితోనూ రెండు నిమిషాలకి మించి మాట్లాడదు, డబ్బు దండగని. అతనికి భయం వేసింది. లేవబోయాడు. యంత్రం కూత పెట్టింది. నర్సు వచ్చి పడుకోబెట్టి, ఒంటి గంటదాకా ఈ చెయ్యి కదిపితే నేనొప్పుకోనని గట్టిగా చెప్పింది.

పాంగ్ అవ్వ అక్కడితో ఆగలేదు. కొండెక్కి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి తొంగిచూసింది. తుఫాను గాలులకి అద్దాలు పగలకుండా ఆ కిటికీకి ఇనుప ఊచలు బిగించి ఉంటాయి. ఊచల మధ్యనుంచి అవ్వకి కనబడిన దృశ్యం ఏమంత ధైర్యం కలిగించేలా లేదు. ఊరిపెద్ద చొక్కా గుండీలు విప్పుకుని, బల్ల మీద ఏదో పట్టుకుని అటూ ఇటూ రుద్దుతున్నాడు. సునోక్ చెవికి ఫోన్ అంటించుకుని గోడకేసి చూస్తోంది. అవ్వ కిటికీ తట్టి ఏ తాళంచెవి పోయిందని అరిచింది. సునోక్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "కంప్యూటర్ తాళంచెవి అవ్వా, పొడుగుది. నువ్వెళ్ళు, తర్వాత చెబుతా," అంది. ఆ సగం చెవికి ఈసారి గాలి అడ్డురాలేదు. అంతా స్పష్టంగానే వినబడింది. వెంటనే ఆ వివరం కూడా బొంగ్‌సుకి చేరింది.

కంప్యూటర్ తాళం అంటే, ఈమధ్య జిల్లావాళ్ళు ఆఫీసు తలుపుకి కొత్తరకం బిగించి ఉంటారనుకున్నాడు బొంగ్‌సు. తన తిండీ మందులూ తప్ప మూడేళ్ళుగా భార్య అతనికి ఏ చిక్కూ చెప్పదు కదా. నర్సును బతిమాలితే ఆమె రేవు వీధిలో తాళాలు చేసే తాక్ యొంగ్‌సె నంబరు వెతికిచ్చింది. కంప్యూటర్ తాళంచెవి, పొడుగుది, ఇద్దరు మనుషులు లోపల ఇరుక్కున్నారు, మధ్యాహ్నం పడవకి రావాలి అని చెప్పాడు బొంగ్‌సు. తాక్ యొంగ్‌సె ఇరవై ఏళ్ళ అనుభవంతో ఆలోచించి, ఇది కార్లకుండే చిప్పు తాళంచెవి అయ్యుంటుందని తేల్చుకున్నాడు. మనుషులు కారులో ఇరుక్కున్నారన్నమాట. మరి కారులో గాలాడదు. అతను తన పనిముట్ల పెట్టెతో పాటు కారు తాళాలకి వాడే సరంజామా కూడా సర్దుకున్నాడు. తర్వాత, మనుషుల ప్రాణాలతో పని కాబట్టి, అగ్నిమాపక కేంద్రానికి ఒక మాట చెవిన వేశాడు.

దీవిలో పరిస్థితి అంతకంటే వేగంగా ముదిరింది. పాంగ్ అవ్వ మాట విని ఆఫీసు ముందు పదిమంది చేరారు. వాళ్ళలో ఇంజన్లు బాగుచేసే కుక్ మాన్‌హో ఉన్నాడు. తలుపు బాదితే లోపలినుంచి ఊరిపెద్ద, "వెళ్ళిపొమ్మన్నానా," అని కేకేశాడు. స్పృహ తప్పుతున్న మనిషి ఇలాగే చిరాకు పడతాడని మాన్‌హో చెప్పాడు. అతను పరుగున వెళ్ళి ఊరిపెద్ద భార్య దగ్గర ఆఫీసు తాళాలగుత్తి తెచ్చాడు. అందులో ఏది ఆఫీసుదో ఆమెకీ తెలియదు. మాన్‌హో మూడోదాన్ని దూర్చి తిప్పాడు. తిరగలేదు. ఇంజన్ల దగ్గర అలవాటైన బలంతో ఇంకోసారి తిప్పాడు. తాళంలో సగం, చేతిలో సగం మిగిలాయి.

ఆ చప్పుడుకి తొక్‌చిల్ లేచొచ్చి, నాలుగు మాటలనేసి లోపలికి పోదామని గడియ తీశాడు. తలుపు రాలేదు. లాగాడు. రాలేదు. విరిగిన ముక్క తాళాన్ని అడ్డంగా కరిచి పట్టుకుంది. పదకొండూ నలభైకి, ఊరంతా గంటన్నరగా నమ్ముతున్న విషయం నిజమైంది.

తొక్‌చిల్ వచ్చి కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు. పొద్దుట్నుంచి మూడు గ్లాసుల బార్లీ టీ తాగాననీ, ఆఫీసులో మరుగుదొడ్డి లేదనీ అతనికి ఒకేసారి గుర్తొచ్చాయి.

"సెక్రటరమ్మా," అన్నాడు లోగొంతుతో, "ఇక నాకు టీ పొయ్యొద్దు."

సునోక్ మాత్రం తలుపు గురించి పట్టించుకోలేదు. బయటికెళ్ళి చేసేదేముంది, దరఖాస్తు ఇక్కడే ఉంది అనుకుంది. ఊరి బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ తన కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. దాన్ని ఊచల మధ్య అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి, ఏటవాలుగా లోపలికి అందించారు. అంతటి నాజూకు వస్తువును ఊచలకి గీసుకోకుండా అందించేటప్పుడు బయట నిలబడ్డ పదిమందీ ఊపిరి తీయలేదు. సునోక్ తీగె కలిపి వెబ్‌సైట్ తెరిచింది. ఒక్క వాక్యం వచ్చింది. మీ బ్రౌజరు ఈ సేవకు మరీ కొత్తది.

సునోక్ ఆ వాక్యాన్ని ఫోన్లో చదివి వినిపించింది. తర్వాత అంది, "పాతదైతే పొట్టి అంటారు. కొత్తదైతే మరీ కొత్త అంటారు. పెళ్ళి సంబంధం చూస్తున్నట్టుంది తల్లీ. సరిగ్గా ఏ వయసువాడు కావాలో చెప్పు, వెతుకుతాను."

అవతల అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. అప్పటికి ఆమె మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. తన అమ్మమ్మది కూడా దీవే అనీ, పడవ సంగతి తనకి తెలుసనీ, అయిదయ్యేదాకా ఫోన్ పెట్టనని చెప్పింది. ఏడు గానీ ఎనిమిది గానీ, మార్చకుండా, కొత్తవి ఎక్కించకుండా అలాగే ఉంచుకున్న యంత్రం ఎవరి దగ్గరైనా ఉందేమో చూడండి అంది. సునోక్ కిటికీలోంచి ఆ మాట అడిగింది. దీవిలో ఉన్న పధ్నాలుగు కంప్యూటర్లనీ ఒక్కొక్కటే తలుచుకున్నారు. ఆరు పాతవి, ఏడు కొత్తవి, ఒకటి కోళ్ళగూటికి తలుపుగా వాడుతున్నారు.

రెండున్నరకి సునోక్ కిటికీ దగ్గర్నుంచి వచ్చి గోడ పక్కన కూర్చుంది. బయట జనం తెచ్చిచ్చిన అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సోమవారం, బుధవారం, శుక్రవారం. పట్నంలో అద్దె గది. బొంగ్‌సుకి డయాలసిస్ అయిన పూట ఒంట్లో శక్తి ఉండదు, అన్నం సహించదు. ఆమె కలిపిన గంజి తప్ప ఇంకేదీ దిగదు. అక్కడ గంజి ఎవరు కలుపుతారు? ఆ ప్రశ్నకి దరఖాస్తు నాలుగు పేజీల్లో చోటు లేకపోయింది. జనాభా, దూరం, పడవ ఎక్కేవాళ్ళ సంఖ్య మాత్రమే రాయమన్నారు.

మూడుంబావుకి పడవ కూత వినిపించింది. కాసేపటికి కొండ దారిలో పెద్ద అలికిడి. ముందు స్ట్రెచర్ మోస్తూ ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది, వాళ్ళ వెనక, బావ కబురు చేస్తే పట్నం నుంచి ఏడుస్తూ వచ్చిన సునోక్ చెల్లెలు, ఆమె వెనక రెండు పెట్టెలతో తాక్ యొంగ్‌సె, అందరికంటే వెనక, మోచేతికి దూది అంటించుకుని, దారి పక్క రాళ్ళు పట్టుకుంటూ బొంగ్‌సు. కారెక్కడ అని తాక్ యొంగ్‌సె అడిగాడు. ఈ దీవిలో కార్లు లేవని ఎవరో చెప్పారు. అతను ఇంకేం అడక్కుండా తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన ముక్కను పట్టకారుతో లాగి, రెండు నిమిషాల్లో తలుపు తీశాడు.

ముందుగా బయటికొచ్చింది ఊరిపెద్ద. ఎవరివైపూ చూడకుండా, ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకుండా, మనుషుల్ని తోసుకుంటూ ఇంటివైపు పరుగెత్తాడు. షాక్‌లో ఉన్నాడయ్యా అంటూ సిబ్బంది ఇద్దరూ స్ట్రెచర్‌తో అతని వెనక పరుగెత్తారు. లోపల సునోక్ చెవిన ఫోనుతో, నిశ్శబ్దంగా ఉండమని చెయ్యెత్తి చూపించింది. ఆ చెయ్యి అలాగే ఉండగా గుమ్మంలో భర్తను చూసింది.

"ఏమే, ఫోనెందుకు ఎత్తవు?" అన్నాడు బొంగ్‌సు.

"ఫోన్లోనే ఉన్నాను కదండీ పొద్దుట్నుంచి."

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. ముఖం కాగితంలా ఉంది. యంత్రం మీంచి లేచిన రోజున ఆ కొండ ఎక్కడానికి అతనికి మామూలుగా అరగంట పడుతుంది, మూడుచోట్ల కూర్చుంటాడు. ఇవాళ ఎక్కడా కూర్చోలేదు. సునోక్ ఫోను బల్ల మీద పెట్టి, గ్లాసుతో టీ తెచ్చి అతని చేతికిచ్చింది. గ్లాసు వణికింది. ఆమె గ్లాసును వదల్లేదు.

"మధ్యాహ్నం పడవే లేకపోతే నేనక్కడ, నువ్విక్కడ," అన్నాడు. "అదే అనుకుంటూ వచ్చాను."

"నేనూ దాని పని మీదే ఉన్నాను," అంది సునోక్.

ఈలోగా తాక్ యొంగ్‌సె తన దగ్గరున్న తాళంచెవుల్లో అన్నిటికంటే పొడుగువి నాలుగు బల్ల మీద వరసగా పేర్చి, వీటిలో ఏది కావాలని అడిగాడు. సునోక్ విషయం చెప్పింది. పొడుగు తాళంచెవి తలుపుది కాదనీ, కంప్యూటరు తనలో తాను తయారు చేసుకునేదనీ, దానికి ఏడో ఎనిమిదో నంబరు బ్రౌజరు కావాలనీ, అలాంటిది ఈ లోకంలో లేదనీ. అతను శ్రద్ధగా విన్నాడు. తాళంచెవి సంగతి కాబట్టి అతనికి ఎక్కడా వింతగా అనిపించలేదు. రెండో పెట్టె తెరిచి, తువ్వాలులో చుట్టి రబ్బరు పట్టీలు వేసిన ఒక లావుపాటి ల్యాప్‌టాప్ బయటికి తీశాడు.

"కార్ల తాళాలకి వాడతానండి. దీన్ని అప్‌డేట్ చేస్తే ఆ ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. అందుకని నాలుగేళ్ళుగా ఎవరేం ఎక్కించమన్నా వద్దు అనే నొక్కుతున్నాను," అన్నాడు. "నంబరు ఎంతో నేనెప్పుడూ చూళ్ళేదు."

సునోక్ చూసింది. ఎనిమిది. ఫోన్లో ఆ అంకె చెబితే అవతల అమ్మాయి పక్కనున్నవాళ్ళతో కూడా ఆ అంకె చెప్పడం వినిపించింది.

అప్పటికి మూడూ యాభై అయిదు. పడవ తిరిగి వెళ్ళే వేళ. కూత వేశారు. పాంగ్ అవ్వ కొండ దిగి వెళ్ళి, తాళాలాయన పని కాలేదని పడవ నడిపేవాడితో చెప్పింది. ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో తెలియదు గానీ, అతను ఇంజను ఆపేసి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడట.

పసుప్పచ్చ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నాలుగు కాపలా ప్రోగ్రాములూ ఎక్కాయి. పేజీ నాలుగుసార్లు మొదటికొచ్చింది. నాలుగున్నరకి ఖాళీ గొట్టం కనిపించింది. మౌస్ తాక్ యొంగ్‌సె పట్టుకున్నాడు. అతనిది తాళాలు విప్పే చెయ్యి. వెంట్రుకంత తేడా లేకుండా నిదానంగా, నేర్పుగా కదిలింది. గొట్టంలో గీత కూడా అంతే నిదానంగా పాకింది. ఈ లెక్కన సాయంత్రం ఆరవుతుందని ఫోన్లో అమ్మాయి బెంగపడింది. ఊరిపెద్ద అప్పుడే ప్రశాంతమైన ముఖంతో తిరిగొచ్చి, తాను తిప్పుతానన్నాడు. సునోక్ వద్దంది. ఆమె చూపు గుమ్మం దగ్గరున్న భర్త చేతి మీద ఉంది. డయాలసిస్ రోజు సాయంత్రందాకా ఆ చెయ్యి తగ్గకుండా వణుకుతుంది. చెంచా పట్టలేడు. అతనికి అది ఎవరైనా చూస్తే సిగ్గు, అందుకే జేబులో పెట్టుకుంటాడు.

"ఏవండీ, ఇలా రండి. దీని మీద చెయ్యి వెయ్యండి."

"నా చేతితోనా? నిలకడ లేదే."

"నిలకడ లేకపోవడమే కావాలి వాళ్ళకి."

బొంగ్‌సు మౌస్ మీద చెయ్యి పెట్టాడు. తెర మీద బాణం గుర్తు అటూ ఇటూ, పైకీ కిందికీ, ఎవరూ ఊహించలేని దారుల్లో చెదిరిపోయింది. నీలం గీత పరుగెత్తింది. అతను ఏం చేస్తున్నాడో అతనికే తెలిసేలోగా గొట్టం నిండిపోయింది. బ్రౌజరు మూసుకుపోలేదు. సర్టిఫికెట్ వచ్చిందని పేజీ చెప్పింది. సునోక్ దాన్ని మెడలో తాడుకి వేలాడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దరఖాస్తు తెరిచి, సంతకం పెట్టి పంపింది. నాలుగూ నలభై ఏడుకి అందినట్టు నంబరు వచ్చింది.

ఫోన్లో అమ్మాయి ఆ నంబరు ఒకసారి చదవమంది. సునోక్ చదివింది. అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక వెళ్ళి అన్నం తినమ్మా అని సునోక్ చెప్పి, దాదాపు ఎనిమిది గంటల తర్వాత ఫోన్ పెట్టేసింది. బొంగ్‌సు ఆ చేతిని జేబులో పెట్టుకోవడం మరిచిపోయి, తిరగేసి మరగేసి చూసుకుంటున్నాడు.

పడవ గంటకు పైగా ఆలస్యంగా బయల్దేరింది. తాక్ యొంగ్‌సె తలుపు తీసినందుకే డబ్బు తీసుకున్నాడు. రెండోదానికి తన దగ్గర రేటు లేదన్నాడు. సునోక్ అతనికి మూడు కట్టల ఎండునాచు ఇచ్చింది. రెండోవైపు తిప్పకపోవడం వల్ల అది ఒకవైపే ఎండింది. అతను ఆ తేడా తెలియని మనిషి. ఊరిపెద్ద ఆ సాయంత్రం మైకులో, అంతా సుఖాంతమైందనీ, తన ఆరోగ్యం గురించి వస్తున్న మాటలు ఎవరూ నమ్మొద్దనీ ప్రకటించాడు.

మర్నాడు పొద్దున్న జిల్లా కార్యాలయం నుంచి ఒక ఉద్యోగి ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చక్కగా అందిందన్నాడు. అయితే తమ ఆఫీసులో కంప్యూటర్‌కి సంతకం సరిగా తెరుచుకోవడం లేదనీ, దాని బ్రౌజరు కాస్త పాతదనీ, ఏమీ అనుకోకుండా అదే దరఖాస్తును కాగితం మీద అచ్చు తీసి, సంఘం ముద్ర వేసి, పడవలో పంపగలరా అనీ అడిగాడు. సునోక్ మెడలోని పెన్‌డ్రైవ్‌ను తీసి సొరుగులో పెట్టింది. తర్వాత సరేనండి అంది. అచ్చు తీసి, ఎర్రసిరాలో ముద్ర అద్ది, నాలుగు పేజీల మీదా వేసి, కవరులో పెట్టి, మధ్యాహ్నం పడవకి అందించింది. అంతా కలిపి అయిదు నిమిషాలు పట్టింది.

మూడో వారంలో జవాబు వచ్చింది. గావొరి దీవికి మధ్యాహ్నం పడవ ఇంకో రెండేళ్ళు కొనసాగుతుంది. సునోక్ ఆ ఉత్తరాన్ని భర్తకి రెండుసార్లు చదివి వినిపించింది. గడువు దాటి ఒక రోజు ఆలస్యంగా అందినా, ముద్ర స్పష్టంగా ఉన్నందువల్ల మన్నించామని అందులో రాశారు.